సాక్షి మాట – లేఖకుని చేయి

న్యాయస్థానమున పలికిన మాట క్షణములో గాలిలో కలిసిపోవును. కాని ఆ మాటపైననే ఒకని పొలము, ఒకని ధనము, ఒక్కొక్కప్పుడు ఒకని ప్రాణము ఆధారపడియుండును. కావున పలికిన మాటను పలికినట్లే పట్టి నిలుపు విద్య యొకటి అవసరమైనది. అదియే న్యాయస్థాన లేఖనము. ఈ విద్యకు చేతివేగము మాత్రమే చాలునని పలువురు తలంతురు. అది పొరపాటు. ఏలయనగా, ఈ విద్య చెవితో ఆరంభమగును.

అనంతపురపు పీఠభూమికి నైరృతి కొనయందు మడకశిర యున్నది. 2022వ సంవత్సరమున ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇది చేరినది. ఇచ్చట వానలు తక్కువ. వేరుసెనగ పైరు మేఘమును నమ్ముకొని నిలుచును. నీరు కొరవడిన సీమలో బావికిని, గట్టునకును, అప్పుపత్రమునకును విలువ హెచ్చు; వాటిని గూర్చిన తగవులు న్యాయస్థానమునకు చేరుచుండును. మడకశిరలో జూనియర్ సివిల్ జడ్జి న్యాయస్థానము కలదు.

ఈ ప్రాంతమునకు మూడు ప్రక్కల కన్నడసీమ యుండుటచే, ప్రజల నోట తెలుగును కన్నడమును కలిసి మెలగును. లేఖకునికి తొలి పరీక్ష ఇచ్చటనే యెదురగును. “అతడు ఇచ్చెను” అని చెప్పుటకు కన్నడమున “కొట్టను” అందురు. తెలుగు మాత్రమే తెలిసినవానికి ఆ పలుకు “నేను కొట్టను” అని వినవచ్చును. వాడుకలో దానిని “కొట్ట” అని కుదించినచో, ఎవరో ఎవరినో కొట్టినట్లు తోచును. ఇచ్చిన చేయి కొట్టిన చేయిగా కాగితమున కెక్కినచో, అప్పు తీర్చిన నిర్దోషి దౌర్జన్యపరుడుగా కనబడును గదా!

ఇట్టి ప్రమాదము కలుగకుండుటకై చట్టము కట్టుదిట్టము చేసినది. సెషన్సు న్యాయస్థానమున సాక్ష్యమును న్యాయాధిపతి స్వయముగా వ్రాయును. లేక తాను చెప్పుచు వ్రాయించును. లేక తన పర్యవేక్షణమున న్యాయస్థానోద్యోగిచే వ్రాయించును. వ్రాత ముగిసిన పిదప దానిని సాక్షికి చదివి వినిపింపవలెను. ముద్దాయి గాని, అతని ప్లీడరు గాని హాజరై యున్నచో వారి యెదుటనే చదువవలెను. అవసరమైనచోట దిద్దవలెను. సాక్షికి రాని భాషలో వ్రాసినచో, అతనికి తెలిసిన భాషలో అర్థము చెప్పవలెను. 1973 నాటి నేరవిచారణ స్మృతిలోని యీ నియమములు, 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను నిలిచియున్నవి. చదువురాని రైతునకు ఇది గొప్ప రక్ష. తన మాటను తానే మరల విని, “నేనట్లనలేదు” అని చెప్పు హక్కు అతనికి కలదు.

ఇక చేయి ఎట్లు శిక్షితమగునో చూతము. న్యాయాధిపతి చెప్పు ఉత్తరువులను, తీర్పులను వ్రాసికొనుటకు లఘులిపి నుపయోగింతురు. దీనినే షార్టుహ్యాండు అందురు. ఇంగ్లండు దేశీయుడైన ఐజక్ పిట్మన్ 1837వ సంవత్సరమున తన పద్ధతిని ప్రకటించెను. అక్షరమును గాక ధ్వనిని వ్రాయుట దాని మూలసూత్రము. వ్యాకరణమున పరుషములు, సరళములు అని మనము చదివినాము గదా! పిట్మన్ పద్ధతిలో ఆ భేదమే కంటికి కనబడును. ‘ప’ ధ్వనికి సన్నగీత; అదే గీతను ఒత్తి లావుగా గీసిన ‘బ’ ధ్వని. ట–డ, చ–జ, క–గ అను జంటలకును ఇదే మర్యాద. అచ్చులను చుక్కలతోను చిన్నగీతలతోను తెలుపుదురు. హ్రస్వమునకు గుర్తు సన్నము, దీర్ఘమునకు లావు. వేగముగా వ్రాయునపుడు అచ్చుల గుర్తులను చాలవరకు విడిచి, గీతను పంక్తికి పైనగాని, పంక్తిమీదగాని, పంక్తిని ఖండించునట్లుగాని వ్రాసి, తొలి అచ్చును సూచింతురు.

మన రాష్ట్రమున సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఈ విద్యలో పరీక్షలు జరుపుచున్నది. ఇంగ్లీషు లఘులిపిలో దిగువతరగతికి నిమిషమునకు 80 పదములు, ఎగువతరగతికి 120 పదములు వ్రాయవలెను. అనగా ఎగువతరగతివాడు గడియారము ఒక్కమారు ‘టిక్కు’మనులోపల రెండు పదములను పట్టవలెను. వ్రాసినదానిని మామూలు లిపిలోనికి మార్చుటయు పరీక్షలో భాగమే. ఇంగ్లీషు టైపులో దిగువతరగతికి 30, ఎగువతరగతికి 45 పదములు నియమము. ఇది ఒక్కనెలలో అబ్బు విద్య కాదు. ఆంగ్ల నవలాకారుడు చార్లెసు డికెన్సు యౌవనమున లఘులిపి నేర్చి, లండను న్యాయస్థానములలో లేఖకుడుగా పనిచేసెను. ఆ విద్యకై పడిన శ్రమను ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ నవలలో వర్ణించెను. అమెరికాలో లేఖకులు స్టెనోటైపు అను యంత్రముపై పెక్కు మీటలను ఒక్కసారిగా నొక్కుచు వ్రాయుదురు. అచ్చటి జాతీయ యోగ్యతాపరీక్షలో ప్రశ్నోత్తరములను నిమిషమునకు 225 పదముల చొప్పున పట్టవలెను.

వేగ మెంతయున్నను, తెలుగు వ్రాయువానికి మరియొక జాగరూకత కావలెను. మన భాషలో వాక్యపు ప్రాణము తుదినుండును. “ఇచ్చినాడు”, “ఇచ్చినాడా”, “ఇచ్చినాడేమో”, “ఇచ్చినాడట” – ఈ నాలుగింటికి మొదలు ఒక్కటే, అర్థములు వేరు. సాక్షి తాను చూచినదానిని చెప్పవలెనేగాని, పరులవలన విన్నదానిని చెప్పరాదనుట సాక్ష్యచట్టమున సామాన్య నియమము. “రామయ్య డబ్బిచ్చినాడు” అనునది చూచిన మాట; “రామయ్య డబ్బిచ్చినాడట” అనునది విన్న మాట. అలసిన చేయి ఆ ‘అట’ను జారవిడిచినచో విన్నది చూచినదిగా మారును. కన్నడమున ఈ ‘అట’కు బదులు ‘అంతె’ అందురు. తెలుగుచెవికి అది ‘అంతే’ యని, నిశ్చయము తెలుపు మాటగా తోచును. వినికిడి నిశ్చయమగును! మడకశిర వంటి చోట్ల రెండు భాషల తుదిపలుకులు తెలిసిన లేఖకుని విలువ ఇంతటిది.

మంచి లేఖకుడు సాక్షి భాషను సొగసుపరుపడు. తడబాటును సరిదిద్దడు. అతనిపై జాలి కలిగినను ఒక మాట చేర్పడు. కోపము వచ్చినను ఒక మాట తీయడు. వినబడనిచో ఊహించి వ్రాయక, మరల చెప్పుమని వినయముతో కోరును. మాటను విని తామే వ్రాయు యంత్రములు నేడు వచ్చినవి. అయినను, యంత్రము వ్రాసినదానిని సరిచూచుటకు చెవియు, మనస్సును గల మనుష్యుడు కావలసియే యున్నాడు.

బాలలారా! మీలో కొందరు ముందు ఈ వృత్తిలో ప్రవేశింపవచ్చును. దాని సాధన నేడే ఆరంభింపవచ్చును. ఒకరు చెప్పిన కబురును మరియొకరికి చేర్చునపుడు, చూచినదానికి ‘అట’ చేర్పకుడు. విన్నదానినుండి ‘అట’ తీయకుడు. పరుని మాట మనచేతిలోని ఇల్లడవంటిది. ఉంచినంతయు తిరిగి ఇచ్చుటయే ధర్మము.