తాండ్ర పొర, డిటెక్టర్ పొర

మొన్న మే నెలలో నూజివీడు దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. రసాల సీజన్. వాకిట్లో చాపల మీద మామిడి తాండ్ర ఆరుతోంది. అమ్మమ్మ ఉన్నట్టుండి అడిగింది: "మీ అక్క పీహెచ్‌డీ అయిపోయింది కదరా, ఇంకా ఏం చదువుతోంది? నువ్వైనా చెప్పు."

మా పెద్దమ్మ కూతురు విదేశంలో పోస్ట్‌డాక్ చేస్తోంది. అంటే డాక్టరేట్ వచ్చాక, పర్మనెంట్ ఉద్యోగం దొరికేలోపు కాంట్రాక్టు మీద చేసే పరిశోధన. టాపిక్: పార్టికల్ ఫిజిక్స్ కోసం థిన్ ఫిల్మ్ రేడియేషన్ డిటెక్టర్లు. ఇంగ్లీషులో అయితే గడగడా చెప్పేవాణ్ణి. తెలుగులో మూడో మాట దగ్గరే ఆగిపోయాను. నా తెలుగు సరిపోలేదనుకున్నాను. సరిపోనిది ఫిజిక్స్ అని తర్వాత తెలిసింది. అందుకే మళ్ళీ చదివి ఇది రాస్తున్నాను.

జాడ ఎలా తెలుస్తుంది?

విద్యుదావేశం ఉన్న కణం సిలికాన్ పలకలోంచి దూసుకెళ్తే, దారిలో ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఎలక్ట్రాన్ పోయిన చోట మిగిలిన ఖాళీని హోల్ అంటారు. ఒక్కో జంటకు సగటున 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఖర్చవుతుంది. వోల్టేజ్ పెడితే ఎలక్ట్రాన్లు ఒకవైపు, హోల్స్ ఇంకోవైపు పరిగెడతాయి. ఆ చిన్న కరెంటే మన సిగ్నల్. 300 మైక్రాన్ల మందం పలకలో సుమారు 22,000 జంటలు పుడతాయి.

పల్చన ఎందుకు?

పలక మందంగా ఉంటే కొలవాల్సిన కణాన్నే కొంచెం దారి తప్పిస్తుంది. పల్చగా ఉంటే ఆ ఇబ్బంది తక్కువ. ఎలక్ట్రాన్లు వెళ్ళాల్సిన దూరం కూడా తక్కువ, కాబట్టి సిగ్నల్ త్వరగా వస్తుంది. ఇంకోటి ఖర్చు. సెర్న్‌లోని సీఎంఎస్ డిటెక్టర్ ట్రాకర్‌లో సుమారు 200 చదరపు మీటర్ల సిలికాన్ ఉంది. అదంతా స్ఫటికం నుంచి కోసిన పలకలే. వాటి బదులు పెద్ద వైశాల్యం మీద పొర పూయగలిగితే చవకవుతుందని ఆశ.

కానీ చిక్కు ఇక్కడే. 3 మైక్రాన్ల పొరలో జంటలు కొన్ని వందలే. సర్క్యూట్ నాయిస్ కూడా ఆ స్థాయిలో ఉండొచ్చు. థ్రెషోల్డ్ తగ్గిస్తే నాయిస్ కూడా హిట్‌గా లెక్కపడుతుంది. పెంచితే నిజమైన కణం జారిపోతుంది. మన సీఎస్ఈ వాళ్ళకి ఈ బాధ కొత్త కాదు.

పొర వేయడం

అమ్మమ్మ రసం పల్చగా పూసి, పూర్తిగా ఆరాకే రెండో పొర వేస్తుంది. తొందరపడితే మధ్యలో బూజు. దుమ్ము పడకుండా పైన పల్చటి గుడ్డ. అక్క పొరలకీ దుమ్మే శత్రువు. ఒక్క నలక వల్ల సూదిబెజ్జమంత కన్నం పడినా పై లోహం, కింది లోహం కలిసి షార్ట్ అవుతుంది.

తేడా ఏంటంటే, తాండ్రకి గాలి కావాలి, ఈ పొరలకి గాలి ఉండకూడదు. పదార్థాన్ని ఆవిరి చేసి గాజు మీద పేర్చే పద్ధతి చూడండి. మామూలు గాలిలో ఒక అణువు సుమారు 70 నానోమీటర్లు వెళ్ళేసరికి ఇంకో అణువుని గుద్దుకుంటుంది. గాలిని కోటో వంతుకు తగ్గిస్తే ఆ దూరం 70 సెంటీమీటర్లు. అప్పుడే ఆవిరి నేరుగా గాజుని చేరుతుంది.

ఈ శూన్యం గురించి 1947లోనే 'హై వాక్యువా' అని పుస్తకం రాసింది మన భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద. హిమాలయాల్లో తపస్సు చేసిన సన్యాసి, ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌ని నిలబెట్టారు. అక్కడి ల్యాబ్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇదంతా ఫోన్‌లో అమ్మమ్మకి చెప్పాను. అంతా విని, "మరి అంత పల్చని పొరలో గుర్తు ఆనుతుందా?" అంది. అక్కకి పంపాను. "రెండేళ్ళుగా నా పని అదే అని చెప్పు" అని రిప్లై.

మీ ప్రాజెక్ట్ కూడా ఒకసారి ఇంట్లో తెలుగులో చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కణ్ణుంచి మళ్ళీ చదవాలన్నమాట.