క్యాంపర్‌కి ఏ టాయిలెట్ బెటర్? కొల్లేరు ట్రిప్ లెక్కతో చూద్దాం

ఫోన్ కొనేముందు బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూస్తాం కదా. క్యాంపర్ టాయిలెట్‌కి కూడా రెండు లెక్కలున్నాయి. ట్యాంక్ ఎన్ని రోజులకు నిండుతుంది? నిండాక ఎక్కడ ఖాళీ చేస్తాం? రెండోదే అసలు ప్రశ్న.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు మీదుగా ఆటపాక పక్షుల కేంద్రానికి ఇద్దరు వెళ్తున్నారనుకుందాం. నీటికి 60 మీటర్ల దూరంలో గుంత తీసి కప్పెట్టాలన్నది ట్రెక్కింగ్ రూల్. చేపల చెరువుల గట్ల మీద అంత దూరం ఎక్కడ దొరుకుతుంది? చాలాచోట్ల రెండు పక్కలా నీళ్లే. పైగా కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ సైట్. కాబట్టి మనది మనమే వెనక్కి మోసుకురావాలి.

1. పోర్టబుల్ ఫ్లష్ టాయిలెట్: పైన సీటు, మంచినీళ్ల ట్యాంక్, కింద సీల్ ఉన్న వేస్ట్ ట్యాంక్. 20 లీటర్ల మోడల్ తీసుకుందాం. ఇద్దరికీ మూత్రం రోజుకి సుమారు 3 లీటర్లు, ఫ్లష్ 3, కడుక్కునే నీళ్లు 2. మొత్తం 8. అంటే రెండున్నర రోజులు. కడుక్కునే నీళ్లు లెక్కలో వేసుకోకపోతే మధ్యలోనే ఇరుక్కుంటాం. నిండితే 20 కిలోలు దాటుతుంది, గతుకుల్లో కదలకుండా బెల్ట్‌తో బిగించాలి. ఎండకి లోపల గ్యాస్ పేరుకుంటుంది, వాల్వ్ మెల్లగా తెరవండి.

2. డ్రై టాయిలెట్: మూత్రం ఒక డబ్బాలోకి, మలం కొబ్బరి పొట్టులోకి వేరుగా వెళ్తాయి. ఫ్లష్ నీళ్లు అక్కర్లేదు. 12 వోల్టుల చిన్న ఫ్యాన్ 0.1 ఆంపియర్ లాగితే రోజుకి 2.4 ఆంపియర్ అవరే. కానీ పొట్టులో నీళ్లు పడితే వాసన మొదలవుతుంది, అందుకే విడిగా కడుక్కోవాలి. ట్రిప్‌లో అది ఎరువు కాదు. మన వేడికి కూడా ఏడాదికి పైగా నిల్వ ఉంచితేనే సేఫ్.

3. జెల్ పౌడర్ బ్యాగ్: చవక, తేలిక. ఎమర్జెన్సీకి ఒకటి రెండు ఉంచుకోండి, రోజూ వాడితే చెత్త పెరుగుతుంది.

మా వెర్డిక్ట్: ఇద్దరికి, వీకెండ్‌కి 20 లీటర్ల పోర్టబులే బెటర్. ఇంటికొచ్చాక మన టాయిలెట్‌లోనే ఖాళీ చేయండి. ఫార్మాల్డిహైడ్ లేని లిక్విడ్ తీసుకోండి, లేకపోతే సెప్టిక్ ట్యాంక్‌లో పనిచేసే బ్యాక్టీరియా చస్తుంది. వారం ట్రిప్ అయితే డ్రై టాయిలెట్ ఆలోచించండి.

ఏది కొన్నా, కొల్లేటిలోకి మాత్రం ఒక్క చుక్క కూడా వదలొద్దు. ఆ నీళ్లలోనే చేపలు, ఆ గట్ల మీదే ఊళ్లు.