శంషాబాద్ వెళ్లేముందు: జేబులో పట్టే రౌటర్ తయారీ

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో వైఫై పేరు చూసి అది అసలైనదో, పక్క కుర్చీలో ఎవరో అదే పేరుతో నడుపుతున్న నకిలీదో పోల్చుకోలేం. 2024లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు విమానాశ్రయాల్లో ఇలాంటి నకిలీ వైఫై నడిపి లాగిన్ వివరాలు దొంగిలించాడని ఒకరిపై కేసు పెట్టారు. ఫోను, ల్యాప్‌టాప్ నేరుగా ఆ వైఫైని తాకకుండా మధ్యలో మన సొంత రౌటర్ ఉండాలి. దాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు.

జీఎల్ ఐనెట్ వాళ్ల మాంగో అనే చిన్న రౌటర్ చాలు. 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్, పవర్‌బ్యాంక్‌తో నడుస్తుంది. వేగం మాత్రం పరిమితం, ఉన్నది ఒకే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. రాస్‌బెర్రీ పై బోర్డుతోనూ చేయొచ్చు గానీ, వైర్లు బయటికి కనిపించేలా తనిఖీ దగ్గరికి తీసుకెళ్లొద్దు, డబ్బాలో బిగించండి. పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి.

ఫర్మ్‌వేర్‌గా 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేస్తాం. దాని ఫర్మ్‌వేర్ సెలెక్టర్ పేజీలో మోడల్ ఎంచుకుని, ప్యాకేజీల జాబితాకు లూసీ-ప్రోటో-వైర్‌గార్డ్, ట్రావెల్‌మేట్ చేర్చి ఇమేజ్ తయారుచేయించండి. దిగిన ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 విలువ సరిచూశాకే ముందుకెళ్లండి. ల్యాప్‌టాప్‌కు 192.168.1.2 ఇచ్చి, కేబుల్‌తో కలిపి, రీసెట్ నొక్కి పట్టుకునే రౌటర్‌కు కరెంటు ఇవ్వండి. 192.168.1.1లో అప్‌లోడ్ పేజీ తెరుచుకుంటుంది. ఎక్కించేటప్పుడు కరెంటు పోకూడదు. తర్వాత మొదటి పని పాస్‌వర్డ్ పెట్టడం.

ఇక సొరంగం, అంటే మన డేటాను గుప్తీకరించి తీసుకెళ్లే వీపీఎన్. దానికి వాడే వైర్‌గార్డ్ 2020లో లినక్స్ 5.6 కెర్నెల్‌లోకే చేరింది. అవతలి కొస ఇంట్లో పెడదామంటే ఇక్కడి చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు సీజీనాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీ పంచే ఏర్పాటు) వెనక ఉంటాయి, బయటి నుంచి చేరలేం. స్టాటిక్ ఐపీ అడగండి, లేదా చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకోండి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచింది కాబట్టి సర్వర్ ఊళ్లోనే దొరుకుతుంది. రెండు వైపులా కీలు పుట్టించి, పబ్లిక్ కీలు మాత్రమే మార్చుకోండి. కీప్‌అలైవ్ 25 సెకన్లు.

అసలు ప్రాణం ఫైర్‌వాల్‌లో ఉంది. మామూలుగా ల్యాన్ (మన పరికరాల వైపు) నుంచి వ్యాన్ (బయటి వైఫై వైపు)కు దారి తెరిచే ఉంటుంది. దాన్ని తీసేసి ల్యాన్ నుంచి వైర్‌గార్డ్‌కు మాత్రమే ఉంచండి. సొరంగం తెగితే ఇంటర్నెట్టే ఆగిపోవాలి, చాటుగా మరో దారిన పోకూడదు. డీఎన్‌ఎస్ కూడా సొరంగంలోంచే వెళ్లాలి. ఐపీవీ6ను సొరంగంలోకి మళ్లించకపోతే ఆపేయండి.

దీంతో ఒక చిక్కు వస్తుంది. ఎయిర్‌పోర్టు వైఫై లాగిన్ కోసం ఓటీపీ అడిగే పేజీ సొరంగానికి ఇవతలే ఉంటుంది, దారి మూస్తే అదీ తెరుచుకోదు. అందుకే వ్యాన్ దారిని కాసేపు తెరిచే చిన్న స్క్రిప్టు రాసి, మాంగో పక్కనున్న స్విచ్‌కు ముడిపెట్టండి. తెరిచినంతసేపూ ఒక్క ల్యాప్‌టాప్‌నే, అదీ బ్రౌజర్ తప్ప అన్నీ మూసి, కలపండి. లాగిన్ కాగానే స్విచ్ వెనక్కి. ఎయిర్‌పోర్టు వైఫైకి కనిపించేది రౌటర్ ఒక్కటే కాబట్టి ఒక్క ఓటీపీతో ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు.

ఆ పేజీ ఓటీపీ బదులు ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగితే వెంటనే బయటికి రండి, మన చేత్తో మనం టైపు చేసినదాన్ని ఏ రౌటరూ కాపాడదు.

ప్రయాణానికి ముందు ఫోన్ హాట్‌స్పాట్‌ను ఎయిర్‌పోర్టు వైఫై అనుకుని కలిపి, వైర్‌గార్డ్ ఆపి చూడండి. ఒక్క సైటు తెరుచుకున్నా ఫైర్‌వాల్ మళ్లీ సరిచేయండి, అప్పటిదాకా పెట్టెలో సర్దొద్దు.