ఒకే స్తంభముపై రెండు తీగలు

చీర ఫోటో పంపి బేరము కుదుర్చుకొనువారు ఇప్పుడు మన వీధులలోనే ఉన్నారు. ఎలక్ట్రానిక్ జకార్డు బిగించుకొన్నవారికి కరెంటు లేనిదే డిజైను కదలదు. అయినను కరెంటుకు ఒక లెక్క, ఇంటర్నెట్టుకు ఒక లెక్క వేయుట ఊళ్లలో అలవాటైనది. ఈ రెంటిని కలిపి లెక్కించు పద్ధతిని ఈ పాఠములో చెప్పదలచితిమి.

సహకార పద్ధతిని కరెంటు తెచ్చుకొనుట మనకు కొత్త కాదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషను ఏర్పడిన పిమ్మట, అమెరికా పల్లెల సంఘములను చూచి, మన దేశములో మొదట 5 సహకార విద్యుత్ సంఘములు నెలకొల్పిరి. అందులో మన నేతగాండ్ర ఊరు సిరిసిల్ల ఒకటి, కర్ణాటకలోని హుక్కేరి ఒకటి. మహారాష్ట్రలోని ముళా-ప్రవరా సంఘము మూడవది. మొదటి రెండు నిలిచినవి. ముళా-ప్రవరా మాత్రము, టోకున కొన్న కరెంటుకు బాకీ పేరుకొనిపోగా, 2011లో లైసెన్సు కోల్పోయినది. తీగ వేయుట తెలియక చెడలేదు. వసూలు, చెల్లింపు సరిపడక చెడినది.

ఇక స్మార్ట్ గ్రిడ్ అనగా ఏమి? ఇప్పటి లైను కరెంటును మోయును గాని కబురు చెప్పదు. ఎక్కడ తెగినదో లైన్‌మాన్ నడచి వెదుకవలెను. స్మార్ట్ గ్రిడ్‌లో మీటరు, స్విచ్చి తమ సంగతి తామే ఆఫీసునకు తెలుపును. తెగిన ముక్కను స్విచ్చి విడదీసి, మిగిలిన వీధులకు వేరుదారిన కరెంటు ఇచ్చును. ఈ కబురు పోవుటకు ఒక దారి కావలెను. ఆప్టికల్ ఫైబరు, అనగా వెంట్రుకవంటి గాజునార, అందులకు మేలైన దారి. గాజు కరెంటును పట్టదు గనుక తగిన రకపు ఫైబరును కరెంటు స్తంభముల మీదుగనే లాగవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ ఆ విధముగనే ఊళ్లకు వచ్చినది.

అమెరికాలో టెనెసీ రాష్ట్రమున చట్టనూగా అను ఊరిలో కరెంటు సరఫరా ఊరివారి సొంత సంస్థదే. 2009లో దానికి కేంద్రప్రభుత్వము 11 కోట్ల డాలర్లకు పైగా గ్రాంటు ఇచ్చినది. దానికి తోడు బాండ్ల అప్పు కూడ చేసిరి. వారి తెలివి ఎక్కడనగా, అదే ఫైబరుపై స్విచ్చిల కబురును, ఇండ్ల ఇంటర్నెట్టును కలిపి నడపిరి. ఖర్చు రెండు పద్దులకు పంచబడినది. 2010 నాటికే సెకనుకు ఒక గిగాబిట్ వేగము ఇండ్లకు అందించిరి.

మన స్థాయికి లెక్క ఇట్లు వేయవలెను. అంకెలు ఊహకు మాత్రమే. సభ్యులు 200 మంది. తీగకు 8 లక్షలు. గ్రాంటు 6 లక్షలు. మిగిలిన 2 లక్షలు తలకు 1,000 రూపాయలు. మహాసభలో అందరును ఇక్కడ చప్పట్లు కొట్టి లేతురు! అసలు లెక్క ఆ తరువాతది. మరమ్మతు, బాటరీ, మనిషి జీతము కలిపి నెలకు 10,000 అనుకొందము. 200 మంది చేరిన తలకు 50. 80 మందే చేరిన 125. తీగ 20 ఏండ్లు నిలుచును గాని పెట్టెలు నిలువవు. 6 ఏండ్లకు 1,44,000 రూపాయలతో కొత్త పెట్టెలు కొనవలసిన, నెలకు 2,000 ప్రక్కన పెట్టవలెను. అది మరి 25. మొత్తము 150. నెలకు 150 ఇచ్చువారు ఎందరని ఇల్లిల్లు తిరిగి సంతకముతో అడిగిన పిదపనే తీర్మానము వ్రాయవలెను.

మా సంఘములోనే ఈ పొరపాటు జరిగినది. కంప్యూటరు, కనెక్షను గ్రాంటుతో వచ్చినవి. రెండవ ఏటికి పద్దు లేదు. బాటరీ చచ్చినది. పండుగ ముందు ఒక వర్తకుడు డిజైన్ల ఫోటోలు అడిగెను. ఆ రోజంతయు కరెంటు లేదు. మరునాటికి అతడు వేరుచోట కొనెను. పది మగ్గములు నెల దినములు కూలిలేక నిలిచినవి. ఆ తప్పు కార్యదర్శులమైన మాదే.

మీటరు విషయము. 2021లో కేంద్రము ప్రారంభించిన పంపిణీ సంస్కరణల పథకము క్రింద, ముందుగా డబ్బు కట్టు స్మార్టు మీటర్లను పలు రాష్ట్రములలో బిగించుచున్నారు. వారపు కూలితో బ్రతుకు ఇంటికి, బాకీ చాలక అర్ధరాత్రి కరెంటు పోవునా అనునది ముందే అడుగవలసిన ప్రశ్న. తమిళనాడులో 2023లో రెండు నెలలకు చేమగ్గమునకు 200 యూనిట్ల ఉచితమును 300కు, మరమగ్గమునకు 750ని 1,000కి పెంచిరి. మీటరు మారినపుడు ఈ రాయితీ కొత్త మీటరు పేర ఎక్కినదో లేదో మొదటి బిల్లులోనే చూచుకొనవలెను. బిగించువారు వచ్చిన దినముననే పాత మీటరు రీడింగు కాగితముపై వ్రాయించి, వారి సంతకము తీసికొని, ఒక నకలు సంఘము ఆఫీసులో ఇచ్చి పోవలెనని సభ్యులను కోరుచున్నాము.