చవక కార్డు వద్దు

ప్రశ్న: మా అబ్బాయి నింటెండో స్విచ్‌లో చోటు నిండిపోయింది. ఆన్‌లైన్‌లో 1 టీబీ మైక్రో ఎస్డీ కార్డు చాలా చవగ్గా కనిపిస్తోంది. కొనొచ్చా?

జవాబు: వద్దండీ. అంత చవగ్గా దొరికే 1 టీబీ కార్డులు చాలావరకు నకిలీవే. లోపల ఉండేది ఏ 32 జీబీయో. స్విచ్‌కి మాత్రం 1 టీబీ అనే చూపిస్తుంది, అసలు చోటు నిండాక ఎక్కించిన ఆటలు పాడైపోతాయి. పేరున్న కంపెనీది 256 జీబీ, యూహెచ్‌ఎస్-1 రకం తీసుకోండి. యూహెచ్‌ఎస్-2 వేగాన్ని స్విచ్ వాడుకోలేదు, దానికి డబ్బు పోయకండి. కార్డు రాగానే కంప్యూటర్‌లో పెట్టి, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో చివరిదాకా నింపి చూడండి. తేడా వస్తే వెంటనే వాపసు చేసేయండి. బాబు ఆటలో ఎక్కడిదాకా వచ్చాడో ఆ వివరం స్విచ్ సొంత మెమరీలోనే ఉంటుంది, కార్డు మార్చినా పోదు. మీది స్విచ్ 2 అయితే మాత్రం మైక్రో ఎస్డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కొనాలి, మామూలు కార్డు మీద అందులో ఆటలు నడవవు.