దత్తతకు మతము అడ్డు కాదు

ప్రశ్న: న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ దంపతులము. మావారి తల్లిదండ్రులు నోయిడాలో ఉన్నారు. స్వదేశమునుండి బిడ్డను దత్తత తీసికొనుటకు మా మతము అడ్డగునా? ఏ పత్రములు కావలెను?

జవాబు: అమ్మా, అడ్డు కానేకాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టము తమకు వర్తింపకపోవుటచే పూర్వము 1890 నాటి చట్టము ననుసరించి సంరక్షకులు మాత్రమే కాగలిగిన క్రైస్తవులు, 2015 నాటి బాలల న్యాయ చట్టముచే నేడు సంపూర్ణముగా తల్లిదండ్రులే కాగలరు. విదేశవాసులగుటచే మీ దరఖాస్తు, ఢిల్లీ రామకృష్ణపురములోని కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ గుర్తించిన అమెరికా ఏజెన్సీ ద్వారానే రావలెను. గృహాధ్యయన నివేదికను వారే వ్రాయుదురు. నోయిడాలోని పెద్దలు కార్యాలయముల చుట్టు తిరుగ నక్కరలేదు.

జనన, ఆదాయ, ఆరోగ్య, పోలీసు ధ్రువపత్రములు సులభముగనే సమకూరును. చిక్కంతయు పేర్లలోనే యున్నది. చర్చి వివాహపత్రములో బాప్తిస్మపు పేరును, పదవ తరగతి సర్టిఫికెట్టులో పొడి అక్షరములతో ఇంటిపేరును, పాస్‌పోర్టులో మరియొక రూపమును ఉండుట మనవారిలో తరచు కనబడును గనుక, ఈ మూడును ఒక్కరివేయని తెలుపు అఫిడవిట్టును ముందే సిద్ధపరచుకొనుడు. పాస్టరుగారి లేఖ మీ భక్తినే గాక, బిడ్డను పెంచు మీ యోగ్యతను తాను చూచినంతవరకు చెప్పవలెను.

‘కారా’ నిరభ్యంతర పత్రమిచ్చిన పిమ్మట దత్తత ఉత్తరువును, 2022 నుండి న్యాయస్థానమునకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చుచున్నారు. త్వరపడి మధ్యవర్తులకు ధనమీయకుడు. అట్లు బిడ్డను పొందుట నేరము.