అంగడి పనులకు వేళ నిర్ణయించుట

అంతర్జాలమున అంగడి తెరచిన సహకార సంఘములకును, తెరువ నుద్దేశించు సంఘములకును ఉపయోగపడునని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము. సరకు ఛాయాచిత్రములు పెట్టుట, ధరలు వ్రాయుట మొదలగు పనులను ఎల్లరును శ్రద్ధతోనే చేయుదురు. కాని నిర్ణీత వేళకు తమంతట తామే జరుగవలసిన పనులు ఆ వేళకు జరుగుచున్నవా లేదా యని విచారించువారు అరుదు. నష్టము తరచుగా ఇచ్చటనే కలుగును.

దృష్టాంతమునకు, ఒక సంఘము బంగినపల్లి పండ్లను పది కిలోల పెట్టె రూ. 900 చొప్పున అమ్ముచున్న దనుకొందము. కోత ముమ్మరముగా నున్న మూడు దినములు మాత్రము రూ. 700లకు ఇయ్య నిశ్చయించి, తగ్గింపు ధర మొదలగు తేదీని, ముగియు తేదీని వూకామర్స్‌లో వ్రాసిరి. నాలుగవ దినమున ధర మరల రూ. 900 కావలెను. అట్లు కాక 50 పెట్టెలు పాత ధరకే పోయినచో రూ. 10,000 రైతుల చేతినుండి జారిపోవును. ఇందు కొన్నవాని దోషమేమియు లేదు. అంగడి చూపిన ధరనే ఆతడు చెల్లించినాడు.

ఇట్లేల జరుగును? వూకామర్స్ అనునది వర్డ్‌ప్రెస్‌పై నడచు సాఫ్ట్‌వేరు. వర్డ్‌ప్రెస్ తనంతట తాను గడియారమును కనిపెట్టుకొని యుండదు. ఎవరైనను వచ్చి అంగడి పుటను తెరచినప్పుడే అది పనుల పట్టికను చూచును. వేళ మీరిన పను లున్నచో తనకు తానే యొక పిలుపు పంపుకొని వానిని జరిపించును. గట్టుమీద బాటసారి కేక వేసినగాని మేలుకొనని నీరటికాడు తూము నెప్పుడు తెరచునో చెప్పగలమా? ఇదియు నట్టిదే.

దీనివలన రెండు కీడులు కలవు. మొదటిది ఆలస్యము. రాత్రియెల్ల ఎవరును రాకున్న అర్ధరాత్రి జరుగవలసిన పని తెల్లవారువరకు నిలిచిపోవును. ఉదయమున వచ్చిన మొదటివానికి పాత ధరయే కనబడవచ్చును. పుటల ప్రతులను దాచియుంచి చూపు కేషింగ్ ఏర్పా టున్నచో, వచ్చినవానికి దాచిన ప్రతియే అందును గనుక పట్టిక తెరువబడనే తెరువబడదు. రెండవది ఇంతకన్న చెడ్డది. కొన్ని సర్వరులు అంగడి తనకు తాను పంపుకొను పిలుపును అడ్డగించును. అప్పు డెందరు వచ్చినను పని జరుగదు.

నివారణ మార్గ మిది: మేలుకొలుపు పనిని సర్వరు గడియారమునకే అప్పగింపవలెను. ఇందులకు క్రాన్ అను సాధనము కలదు. ఇది 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పునుండియు వాడుకలో నున్నది. సర్వరు అద్దెకిచ్చువారి నియంత్రణ పుటలో సాధారణముగా ‘క్రాన్ జాబ్స్’ అను పేర కానవచ్చును. అందు వేళను ఐదు గడులలో వ్రాయుదురు: వరుసగా నిమిషము 0 మొదలు 59 వరకు, గంట 0 మొదలు 23 వరకు, తేదీ, నెల, వారము. వారమునకు ఆదివారము 0, సోమవారము 1, ఇట్లు లెక్క. చుక్కగుర్తు పెట్టిన ‘ప్రతి’ యని యర్థము.

*/5 * * * * అనిన ప్రతి ఐదు నిమిషములకు.
30 6 * * 1 అనిన ప్రతి సోమవారము ఉదయము 6-30కు.

తేదీ గడిని, వార గడిని రెంటిని నింపినచో, సామాన్యముగా వాడు క్రాన్‌లలో ఆ రెంటిలో ఏది కుదిరినను పని జరుగును. 0 6 1 * 1 అని వ్రాసిన ఒకటవ తేదీన వచ్చు సోమవారమున మాత్రమే కాదు. ప్రతి ఒకటవ తేదీనను, ప్రతి సోమవారమునను జరుగును.

ఇక చేయవలసిన క్రమము. మొదట, ప్రతి ఐదు నిమిషములకు డబ్ల్యూపీ-క్రాన్ పత్రమును పిలుచునట్లు క్రాన్‌లో పని నేర్పరుపవలెను. పత్రముల పూర్తి మార్గమును వ్రాయుట క్షేమము. అది నడచుచున్నట్లు రూఢిచేసికొనిన పిమ్మట, డబ్ల్యూపీ-కాన్ఫిగ్ పత్రమునకు నకలు తీసి యుంచుకొని, అందు ‘డిజేబుల్ డబ్ల్యూపీ క్రాన్’ అను పేరునకు ‘ట్రూ’ అను విలువ నిచ్చు పంక్తిని, ‘ఇక మార్పులు చాలింపుము’ అను భావముగల ఆంగ్ల వాక్యమునకు పైన చేర్పవలెను. ఈ క్రమమును తారుమారు చేయరాదు. పాత కాపలావానిని తొలగించి క్రొత్తవానిని నియమింపనిచో అన్ని పనులును నిలిచిపోవును.

కాలభేదమును మరువరాదు. అనేక సర్వరుల గడియారములు యూటీసీ కాలమును చూపును. మన కాలము దానికి 5 గంటల 30 నిమిషములు ముందు. మన ఉదయము 6 గంటలు అచ్చట 0-30. మన అర్ధరాత్రి అచ్చట ముందటి దినము 18-30. ఐదు నిమిషముల మేలుకొలుపునకు ఈ భేదముతో పనిలేదు. కాని లెక్కల నకలు తీయుట వంటి పనులను విడిగా ఒక నిర్ణీత గంటకు పెట్టునప్పుడు, సర్వరు ఏ కాలమున నడచుచున్నదో తెలిసికొని వ్రాయవలెను. వర్డ్‌ప్రెస్ అమరికలలో కాలమండలము కోల్‌కతా యని యుండవలెను. లేనిచో తగ్గింపు ధర తప్పు గంటకు మారును.

తుదకు పరీక్ష. వూకామర్స్ స్టేటస్ పుటలో ‘షెడ్యూల్డ్ యాక్షన్స్’ అను పట్టిక కలదు. జరిగినవి, జరుగవలసినవి, విఫలమైనవి అందు వేర్వేరుగా కనబడును. వేళ మీరియు ‘జరుగవలసినవి’ క్రింద పేరుకొని యున్న పనులే రోగ చిహ్నములు. తగ్గింపు ధర పెట్టిన ప్రతిసారియు, అది ముగిసిన మరునాటి ఉదయమున కార్యదర్శి స్వయముగా అంగడి తెరచి ధరను చూడవలెను. వారమున కొకసారి ఈ పట్టికను పరిశీలింపవలెను. యంత్రము పనిచేయును గాని, పని జరిగినదా యని అడుగు బాధ్యత సంఘముదే. ఆ ధర వెనుక సభ్యుల సంవత్సరపు కష్టము కలదని కార్యదర్శులు గుర్తుంచుకొందురు గాక.